ఆటకు ముందు పది సెకన్ల గీత

వ్యాయామం గుండెకు మేలు చేస్తుందని డాక్టర్లందరూ చెబుతారు. అందులో అబద్ధం లేదు. మరి రోజూ రెండు గంటలు పరుగులు తీసే పదహారేళ్ల కుర్రాడు, సిగరెట్ ఎరగనివాడు, బీపీ షుగర్ లేనివాడు, జట్టులో అందరికంటే ముందు ఉరికేవాడు, ఎవరూ తాకకుండానే మైదానం మధ్యలో కుప్పకూలి ఎలా చనిపోతాడు? అలాంటి వార్త విన్నప్పుడల్లా దిష్టి తగిలిందని కొందరంటారు, శక్తికి మించి ఆడించారని కొందరంటారు. అసలు కారణం చాలాసార్లు ఆ బిడ్డ పుట్టుకతోనే తెచ్చుకున్న లోపం. పరుగు ఆ లోపాన్ని పుట్టించలేదు, బయటపెట్టింది, అంతే.

2024 సెప్టెంబరులో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో 18 ఏళ్ల హైస్కూల్ విద్యార్థి ఒకడు అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ ఆడుతూ ఇలాగే కూలిపోయాడు, బతకలేదు. మరుసటి ఏడాదే ఆ రాష్ట్రం 'సెకండ్ ఛాన్స్ యాక్ట్' అనే చట్టం చేసింది. దాని ప్రకారం 2026-27 విద్యా సంవత్సరం నుంచి హైస్కూల్ జట్ల తరఫున పోటీలకు దిగే విద్యార్థులు ఆటకు ముందు కనీసం ఒక్కసారి ఈసీజీ తీయించుకోవాలి. అందులో తేడా కనిపిస్తే, పర్వాలేదని డాక్టరు రాసిచ్చేదాకా ఆడకూడదు. కొన్ని మినహాయింపులున్నా, ఈసీజీని ఇలా తప్పనిసరి చేసిన తొలి అమెరికా రాష్ట్రం ఫ్లోరిడాయే. అంతకుముందు 2019లో టెక్సస్, 2020లో పెన్సిల్వేనియా చేసిన చట్టాలు 'కావాలంటే ఈసీజీ తీయించుకోవచ్చు' అని తల్లిదండ్రులకు చెప్పడంతో సరిపెట్టాయి.

టాంపా, ఓర్లాండో, జాక్సన్‌విల్ ప్రాంతాల్లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో టెన్నిస్‌, స్విమ్మింగ్‌, ట్రాక్ జట్లలో ఆడే పిల్లలకు కూడా ఈ నిబంధన వర్తిస్తుంది. పరీక్ష అయ్యాక వాళ్ల ఇళ్లలో రెండు మాటల్లో ఏదో ఒకటి వినపడుతుంది. 'నార్మల్ వచ్చింది, ఇక భయం లేదు' అన్నది ఒకటి. 'ఏదో తేడా ఉందంటున్నారు, పిల్లాడి గుండె పాడైపోయింది' అన్నది రెండోది. ఎక్కువసార్లు ఈ రెండూ పొరపాటే. ఎందుకో తెలియాలంటే ముందు ఆ గుండెలో ఏం జరుగుతుందో చూడాలి.

ఇది గుండెపోటు కాదు

గుండెను ఒక ఇల్లనుకుందాం. దానికి గోడలుంటాయి, గోడల్లో కరెంటు వైరింగ్ ఉంటుంది, నీళ్లొచ్చే పైపులుంటాయి. గోడలంటే గుండె కండరం. వైరింగ్ అంటే ఆ కండరానికి ఎప్పుడు ముడుచుకోవాలో చెప్పే విద్యుత్ వ్యవస్థ. పైపులంటే కండరానికి రక్తం మోసుకొచ్చే కరోనరీ ధమనులు.

యాభై ఏళ్లాయనకు వచ్చే గుండెపోటు ప్రధానంగా పైపుల జబ్బు. ఏళ్ల తరబడి పేరుకున్న కొవ్వు పగిలి, రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. ఛాతీలో నొప్పి, చెమటలు, ఎడమ చెయ్యి లాగడం ఉంటాయి. మనిషి సాధారణంగా స్పృహలోనే ఉంటాడు, ఆస్పత్రికి తీసుకెళ్లే వ్యవధి ఉంటుంది.

మైదానంలో కుర్రాడు కూలిపోయేది కార్డియాక్ అరెస్టుతో. అక్కడ వైరింగ్ ఒక్కసారిగా అదుపు తప్పుతుంది. గుండె కింది గదులైన జఠరికల్లో విద్యుత్తు చిందరవందరగా తిరుగుతుంది. దీన్నే డాక్టర్లు వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ అంటారు. కండరం ముడుచుకోవడం మాని వణకడం మొదలుపెడుతుంది. వణికే గుండె రక్తాన్ని బయటికి నెట్టలేదు. కొద్ది సెకన్లలోనే మెదడుకు రక్తం అందక స్పృహ పోతుంది. చెయ్యి పట్టుకుని ఆస్పత్రికి నడిపించుకెళ్లే అవకాశమే ఉండదు.

గోడల్లో లోపమున్నా, పైపుల్లో లోపమున్నా, వైరింగ్‌లోనే లోపమున్నా చివరికి దెబ్బ తగిలేది వైరింగ్‌కే. స్క్రీనింగ్‌లో ఉన్న చిక్కంతా ఇక్కడే ఉంది. ఫలితం ఒకటే అయినా కారణాలు వేర్వేరు, ఒకే పరికరంతో అన్నీ కనపడవు.

లోపం ఎక్కడుంటుంది

అన్నింటిలో తరచుగా వినిపించేది హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి. దాదాపు ప్రతి 500 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. జన్యులోపం వల్ల గుండె గోడ, ముఖ్యంగా ఎడమ కుడి జఠరికల మధ్య గోడ, అవసరానికి మించి మందమవుతుంది. మందం ఒక్కటే అయితే అంత ప్రమాదం ఉండేది కాదు. కండర పోగులు వరుసగా పేర్చినట్టు కాక అడ్డదిడ్డంగా అల్లుకుపోతాయి, వాటి మధ్య మచ్చలు ఏర్పడతాయి. మామూలుగా కూర్చున్నప్పుడు విద్యుత్తు ఎలాగోలా దారి వెతుక్కుంటుంది. పరుగులో అడ్రినలిన్ ఎగసి, గుండె నిమిషానికి 180 సార్లు కొట్టుకుంటున్నప్పుడు, మందమైన కండరం రక్తం చాలక తల్లడిల్లుతున్నప్పుడు, ఆ మచ్చల చుట్టూ విద్యుత్తు సుడి తిరగడం మొదలవుతుంది. 2003 జూన్ 26న ఫ్రాన్స్‌లోని లియోన్‌లో కొలంబియాతో సెమీఫైనల్ ఆడుతూ కూలిపోయిన కామెరూన్ ఫుట్‌బాల్ ఆటగాడు మార్క్ వివియెన్ ఫోయె వయసు 28. పోస్టుమార్టంలో బయటపడింది ఈ జబ్బే.

రెండో రకంలో గోడలు చక్కగా ఉంటాయి, కోసి చూసినా లోపం కనపడదు. లాంగ్ క్యూటీ సిండ్రోమ్ అలాంటిది. గుండె ఒకసారి కొట్టుకున్నాక దాని కణాలు మళ్లీ చార్జ్ కావాలి. పొటాషియం, సోడియం కణాల్లోకి వచ్చిపోయే సూక్ష్మ ద్వారాలు సరిగా పనిచేయకపోతే ఆ చార్జింగ్ ఆలస్యమవుతుంది. చార్జింగ్ పూర్తికాకముందే ఇంకో స్పందన వచ్చి పడితే లయ చెదిరిపోతుంది. ఇందులో ఒక రకం ఉన్న పిల్లలకు ఈత ముఖ్యంగా ప్రమాదకరం. ఇంకో రకంలో అలారం మోత, ఫోన్ మోత లాంటి హఠాత్తు శబ్దాలు ప్రాణం మీదికి తెస్తాయి. ఈత సంగతి గుర్తుంచుకోండి, దానితో మళ్లీ పని ఉంది.

వోల్ఫ్ పార్కిన్సన్ వైట్ అనే మరో లోపంలో పై గదులకూ కింది గదులకూ మధ్య ఒక అదనపు తీగ ఉంటుంది. మామూలు దారిలో విద్యుత్తు కాస్త ఆగి వెళుతుంది. అదనపు దారిలో ఆ ఆగడం ఉండదు. పై గదుల్లో పుట్టిన గందరగోళం నేరుగా కిందికి దిగిపోతుంది. ఇది బయటపడితే మాత్రం నిజంగా సంతోషించాలి. తొడ దగ్గర రక్తనాళం గుండా సన్నని గొట్టం పంపి, ఆ తీగను కాల్చేసి, చాలామంది పిల్లల్ని కొద్ది వారాల్లో తిరిగి ఆటకు పంపుతున్నారు.

ఇక పైపుల లోపం. కొందరికి కరోనరీ ధమని పుట్టాల్సిన చోట పుట్టదు. ఎడమ ధమని కుడి వైపు నుంచి మొదలై, బృహద్ధమనికీ పుపుస ధమనికీ మధ్య నుంచి వెళుతుంది. ఊరికే కూర్చున్నప్పుడు రక్తప్రసారం బాగానే ఉంటుంది. తీవ్రమైన వ్యాయామంలో రక్తం చాలినంత అందదు. విశ్రాంతిగా పడుకోబెట్టి ఈసీజీ తీస్తే చాలాసార్లు అంతా నార్మల్ అనే వస్తుంది.

ఈసీజీ ఏం చూస్తుంది, ఏం చూడదు

పరీక్ష చాలా తేలిక. పిల్లాణ్ని పడుకోబెట్టి చేతులకూ కాళ్లకూ నాలుగు, ఛాతీ మీద ఆరు, మొత్తం పది ఎలక్ట్రోడ్లు అంటిస్తారు. వాటి నుంచి యంత్రం గుండె విద్యుత్తును పన్నెండు కోణాల్లో గీసి చూపిస్తుంది. రికార్డింగ్ సాధారణంగా పది సెకన్లు. సూది లేదు, రేడియేషన్ లేదు, నొప్పి లేదు. కాగితం మీద ఒక చిన్న గడి అంటే సెకనులో 25వ వంతు. లాంగ్ క్యూటీని పట్టుకోవడమంటే ఆ గడులు లెక్కపెట్టి, గుండె వేగానికి తగ్గట్టు సరిచేసి, చార్జింగ్‌కు పట్టిన సమయం హద్దు దాటిందా లేదా అని తేల్చడమే. అదనపు తీగ ఉంటే పెద్ద గీత మొదట్లో ఒక వాలు కనపడుతుంది. ఆ వాలును గుర్తుపట్టడానికి అనుభవమున్న కన్ను కావాలి.

ఇంటి లెక్కలో చెప్పాలంటే ఈసీజీ వైరింగ్‌ను నేరుగా పరీక్షిస్తుంది. గోడలు దెబ్బతింటే ఆ ఛాయ వైరింగ్ మీద పడుతుంది కాబట్టి గోడల సంగతి కూడా చాలావరకు చెబుతుంది. హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి ఉన్నవాళ్లలో పదింట తొమ్మిది మందికి ఈసీజీలో ఏదో ఒక తేడా ఉంటుంది. పైపుల సంగతి దానికి దాదాపు తెలియదు. అందుకే ఇంట్లో వాళ్లు 'నార్మల్' అన్న మాటను 'అన్నీ చూశారు, అన్నీ బాగున్నాయి' అని చదవకూడదు.

అలాగని ఈసీజీ అక్కర్లేదని వాదించేవాళ్లతో నేను ఏకీభవించను. అమెరికా స్కూళ్లలో ఎన్నో ఏళ్లుగా నడుస్తున్నది ప్రశ్నలడిగి, స్టెతస్కోపు పెట్టి పంపించే పద్ధతి. క్రీడాకారుల స్క్రీనింగ్ మీద జరిగిన అధ్యయనాలను గుదిగుచ్చిన 2015 నాటి ఒక విశ్లేషణలో, దాగి ఉన్న గుండె లోపాల్ని పట్టడంలో ఈసీజీ సామర్థ్యం 94 శాతమని తేలింది. ఆరోగ్య చరిత్ర అడిగితే దొరికేవి 20 శాతం, డాక్టరు చేత్తో చూసి చెవితో విని పట్టుకునేవి 9 శాతం. స్క్రీనింగ్‌లో ఏదో ఒక దశలో బయటపడ్డ లోపాల మీద వేసిన లెక్క కాబట్టి ఆ 94ను ఉన్నదున్నట్టు నమ్మనక్కర్లేదు. తేడా మాత్రం కళ్లకు కట్టినట్టే ఉంది.

ఇటలీ నేర్పిన పాఠం, ఇజ్రాయెల్ అడిగిన ప్రశ్న

ఈసీజీని తప్పనిసరి చేయడంలో ప్రపంచానికి దారి చూపింది ఇటలీ. పోటీ క్రీడల్లో పాల్గొనే ప్రతి ఒక్కరూ ఈసీజీతో కూడిన పరీక్షకు వెళ్లాలని అక్కడ 1982 నుంచి నిబంధన ఉంది. పాడువా పరిశోధకులు తమ వెనెటో ప్రాంతంలో 1979 నుంచి 2004 దాకా లెక్కలు తీశారు. ఏటా లక్ష మంది యువ క్రీడాకారుల్లో 3.6 ఉన్న హఠాన్మరణాలు 0.4కు తగ్గాయి. అంటే 89 శాతం తగ్గుదల. 2006లో ఈ ఫలితం వచ్చాక యూరప్‌లో ఈసీజీ వాదానికి బలం పెరిగింది.

ఇజ్రాయెల్ కూడా 1997లో చట్టం చేసింది. 2011లో అక్కడి పరిశోధకులు చట్టానికి ముందు, తర్వాత మరణాలను పోల్చారు. ముందు లక్షకు 2.54, తర్వాత 2.66. తేడా ఏమీ లేదు. పాత పత్రికల వార్తల నుంచి మరణాలు ఏరుకున్న అధ్యయనం కాబట్టి దాన్నే ఆఖరి మాటగా తీసుకోలేం. ఇటలీ లెక్కలకూ ఒక లోటుంది. పరీక్ష చేయని క్రీడాకారుల గుంపు ఒకటి పక్కన పెట్టుకుని పోల్చలేదు కాబట్టి తగ్గుదలంతా ఈసీజీ పుణ్యమేనని తేల్చలేం. నా మటుకు నాకు ఇటలీ అనుభవమే బరువైనదిగా కనిపిస్తుంది. అయితే అక్కడ క్రీడా వైద్యంలో శిక్షణ పొందిన డాక్టర్లు దేశమంతా ఉన్నారు, దశాబ్దాలుగా ఇదే పని చేస్తున్నారు. చట్టాన్ని తెచ్చుకున్నంత సులువుగా ఆ అనుభవాన్ని తెచ్చుకోలేం.

బలమైన గుండె రోగిలా కనిపిస్తే

అనుభవం ఎందుకంత ముఖ్యమంటే, ఏళ్ల తరబడి సాధన చేసిన గుండె మారిపోతుంది. గదులు పెద్దవవుతాయి, గోడలు కాస్త మందమవుతాయి, నాడి నెమ్మదిస్తుంది. విశ్రాంతిలో నిమిషానికి 45 కొట్టుకునే గుండె ఒక ముసలాయనకు జబ్బు, దూరపు పరుగు వీరుడికి సాధన ఫలం. కాగితం మీద గీతలు ఎత్తుగా వస్తాయి. క్రీడాకారుల ఈసీజీలు చూసే అలవాటు లేని డాక్టరుకు ఆ ఎత్తు గోడ జబ్బులా కనిపించవచ్చు.

ఈ గందరగోళాన్ని తగ్గించడానికి నిపుణులు క్రీడాకారుల ఈసీజీ చదివే ప్రమాణాల్ని మళ్లీ మళ్లీ సవరించారు. 2013లో సియాటిల్ ప్రమాణాలు వచ్చాయి, 2017లో అంతర్జాతీయ ప్రమాణాలు వచ్చాయి. నల్లజాతి క్రీడాకారుల్లో సహజంగా కనిపించే కొన్ని గీతల్ని జబ్బు కింద జమకట్టొద్దని వాటిలో స్పష్టంగా రాశారు. వీటి ప్రకారం చదివితే లేని జబ్బు ఉన్నట్టు చూపే ఫలితాలు మూడు శాతం దగ్గరికి దిగాయి. మూడే కదా అనిపిస్తుంది. కింది బాక్సులోని లెక్క చూడండి.

---
బాక్స్: 'తేడా ఉంది' అంటే ఏమిటి?

ఒక ఉదాహరణ లెక్క. 10,000 మంది విద్యార్థులకు ఈసీజీ తీశాం. ప్రతి 300 మందిలో దాదాపు ఒకరికి ప్రమాదకర లోపం ఉంటుందనుకుంటే, నిజంగా లోపమున్నవాళ్లు 30 మందికి కాస్త అటూ ఇటూ. పైపుల లోపాలు ఈసీజీకి దొరకవు కాబట్టి అందులో 20 మంది దొరికారనుకుందాం. మిగతా 9,970 మంది ఆరోగ్యవంతుల్లో మూడు శాతం, అంటే సుమారు 300 మందికి కూడా 'తేడా ఉంది' అని వస్తుంది.

కాబట్టి మొత్తం 320 మంది ఇళ్లకు ఫోన్లు వెళ్తాయి. వాళ్లలో లోపం ఉన్నది 20 మందికి. అంటే ఫోన్ వచ్చిన పదహారు ఇళ్లలో పదిహేనింట పిల్లలు ఆరోగ్యంగానే ఉన్నారు. నార్మల్ అని ఇంటికెళ్లినవాళ్లలో పది మందికి లోపం అలాగే ఉండిపోయింది.

తేడా వచ్చిందంటే జబ్బు ఖాయమైనట్టు కాదు, రెండో మెట్టు ఎక్కాలన్నట్టు. సాధారణంగా ఎకో (గుండె అల్ట్రాసౌండ్) తీస్తారు, అవసరాన్ని బట్టి ట్రెడ్‌మిల్ పరీక్ష, ఎంఆర్ఐ చేస్తారు. ఆ కొద్ది రోజులూ ఆట ఆపాలి.
---

ఇంకో అంకెను కూడా ఇక్కడే చూడాలి. అమెరికా హైస్కూల్ క్రీడాకారుల్లో ఏటా 50,000 నుంచి 80,000 మందిలో ఒకరు ఇలా హఠాత్తుగా చనిపోతారని అంచనా. బాక్సులోని 10,000 మందిలో ఒక మరణం జరగడానికి అయిదు నుంచి ఎనిమిదేళ్లు పడుతుంది. లోపమున్న అందరూ చనిపోరు. వాళ్లలో ఎక్కువమంది మామూలుగా పెద్దవాళ్లై, ముసలివాళ్లవుతారు కూడా. అందుకే చట్టాన్ని వ్యతిరేకించేవాళ్లు 'ఒకరి కోసం వేల మందిని హడలగొట్టడమా' అని అడుగుతారు. అయితే ఈ సగటు వెనక పెద్ద తేడాలున్నాయి. అబ్బాయిలకు ముప్పు ఎక్కువ. అమెరికాలో అగ్రశ్రేణి కాలేజీ పురుషుల బాస్కెట్‌బాల్‌లో ఏటా దాదాపు 5,200 మందిలో ఒకరు చనిపోయినట్టు ఒక అధ్యయనం చూపింది. అందరికీ ఒకే లెక్క వేసి, ముప్పు తక్కువని కొట్టిపారేయడం ఆ పిల్లలకు అన్యాయం.

నార్మల్ వచ్చాక కూడా

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం తన క్రీడాకారుల్లో టీనేజ్ దశలో ఉన్న 11,168 మందికి 1996 నుంచి 2016 దాకా ఈసీజీ, ఎకో రెండూ చేయించింది. ఇంతకంటే శ్రద్ధగా స్క్రీనింగ్ చేయడం కష్టం. హఠాన్మరణానికి దారితీయగల లోపాలు 42 మందిలో దొరికాయి. తర్వాతి సంవత్సరాల్లో గుండె జబ్బుతో హఠాత్తుగా చనిపోయినవాళ్లు ఎనిమిది మంది. వాళ్లలో ఆరుగురికి స్క్రీనింగ్‌లో అంతా నార్మల్ అని వచ్చింది. స్క్రీనింగుకూ మరణానికీ మధ్య సగటున 6.8 ఏళ్లు గడిచాయి.

ఆ ఆరుగురి లెక్క రెండు విషయాలు చెబుతోంది. గోడల జబ్బులు కొన్ని టీనేజీలో మొదలై తర్వాతి ఏళ్లలో ముదురుతాయి, పదహారేళ్లప్పుడు తీసిన గీతకు ఇరవై మూడేళ్లప్పటి గుండె తెలియదు. రెండోది, ఏ పరీక్షకూ చిక్కనివి కొన్ని ఉంటాయి. ఆ అధ్యయనానికి నాయకత్వం వహించినవారిలో ఒకరైన లండన్ కార్డియాలజిస్టు సంజయ్ శర్మ, డెన్మార్క్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్‌కు టోటెన్‌హామ్ క్లబ్‌లో ఉన్నప్పుడు ఏటా పరీక్షలు జరిగేవని, వాటిలో ఏ తేడా లేదని చెప్పారు. 2021 జూన్ 12న కోపెన్‌హాగన్‌లో ఫిన్లాండ్‌తో ఆడుతూ ఎరిక్సన్ గుండె ఆగింది. అయినా అతను ఇవాళ బతికి ఉన్నాడు. ఎలా బతికాడన్నది చెప్పేముందు ఫారంలోని ఒక ప్రశ్న దగ్గర ఆగాలి.

ఆ ఒక్క గడి దగ్గర ఆగండి

అమెరికా స్కూళ్లలో పిల్లలు ఆటలకు పేరిచ్చే ముందు నింపే ఆరోగ్య ఫారంలో గుండె గురించి ఒక వరుస ప్రశ్నలుంటాయి. ఆడుతుండగా గానీ ఆడాక గానీ స్పృహ తప్పిందా, ఛాతీలో నొప్పి వచ్చిందా, గుండె దడదడలాడిందా అని అడుగుతారు. ఆ తర్వాత కుటుంబం గురించి ఒక ప్రశ్న ఉంటుంది. దాని సారం ఇది: మీ బంధువుల్లో ఎవరైనా 35 ఏళ్లలోపు గుండె జబ్బుతో గానీ, కారణం తెలియకుండా హఠాత్తుగా గానీ చనిపోయారా? నీళ్లలో మునిగి పోయినవారు, కారణం తెలియని కారు ప్రమాదంలో పోయినవారు కూడా ఇందులోకి వస్తారని ఆ ప్రశ్నలోనే రాసి ఉంటుంది.

మునిగిపోవడం ఎందుకు? ఈత వచ్చిన కుర్రాడు నీళ్లలో ఉండగా లాంగ్ క్యూటీ వల్ల గుండె లయ తప్పితే చూసేవాళ్లకు మునిగిపోయినట్టే ఉంటుంది. స్టీరింగ్ ముందు తప్పితే అది కారు ప్రమాదమే అవుతుంది. పడకలో తప్పితే 'నిద్రలోనే పోయాడు' అవుతుంది.

మన కుటుంబాల్లో ఇలాంటి మరణాలు కథలుగా మిగిలిపోతాయి. 'మీ చిన్నతాత బావిలో పడి పోయాడు, మంచి ఈతగాడే' అంటారు. 'పెద్దత్త కొడుకు పెళ్లికి ముందు రోజు పడుకుని లేవలేదు' అంటారు. పదిహేనేళ్ల క్రితం అమెరికా వెళ్లిన నాన్నకు ఆ కథలు సగమే తెలుసు. రాత్రి పదకొండు గంటలకు ఫోన్‌లో ఫారం తెరిచి, వరుసగా 'నో' అని నొక్కుకుంటూ పోతాడు. పెళ్లి సంబంధాలు చెడిపోతాయని, వంశానికి చెడ్డపేరు వస్తుందని మరి కొన్ని ఇళ్లలో తెలిసి కూడా చెప్పరు. ఆరోగ్య చరిత్ర అడిగితే దొరికేవి 20 శాతమే అన్నానే, దానికి ఉన్న కారణాల్లో ఇది ఒకటని నా నమ్మకం. ప్రశ్న చెడ్డది కాదు. జవాబు తెలిసిన అమ్మమ్మ, నాయనమ్మ ఊళ్లో ఉన్నారు, ఫారం నింపేవాళ్లు అమెరికాలో ఉన్నారు.

ఈ జబ్బుల్లో చాలావాటికి తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి వచ్చిన లోపమే చాలు. అలాంటప్పుడు ప్రతి బిడ్డకూ అది సంక్రమించే అవకాశం సగం. ఒక పిల్లాడిలో లోపం బయటపడితే అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ తల్లిదండ్రులకూ పరీక్షలు చేయాలి. 1984 ఒలింపిక్స్‌లో రజతం గెలిచిన అమెరికా వాలీబాల్ క్రీడాకారిణి ఫ్లో హైమన్ 1986లో జపాన్‌లో మ్యాచ్ మధ్యలో చనిపోయింది. మొదట గుండెపోటన్నారు. పోస్టుమార్టంలో మార్ఫాన్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య జబ్బు వల్ల బృహద్ధమని చీలిందని తేలింది. ఆ తర్వాత ఆమె తమ్ముడికి పరీక్ష చేస్తే అతనికీ అదే జబ్బు బయటపడింది. ఆపరేషన్ చేసి కాపాడారు.

గుండె కండరపు జన్యువుల విషయంలో మన హైదరాబాద్ చేసిన పని ఒకటి చెప్పాలి. సీసీఎంబీ శాస్త్రవేత్త కుమారసామి తంగరాజ్ బృందం 2009లో ఒక పరిశోధన ప్రచురించింది. గుండె కండరంలోని ఒక ప్రొటీన్‌ను తయారుచేసే ఎంవైబీపీసీ3 జన్యువులో 25 అక్షరాలు తెగిపోయిన మార్పు భారతీయుల్లో దాదాపు నాలుగు శాతం మందిలో ఉందని, అది గుండె వైఫల్యం ముప్పును పెంచుతుందని అందులో తేల్చారు. దీని ప్రభావం ఎక్కువగా నడివయసు దాటాక కనిపిస్తుంది కాబట్టి స్కూలు పిల్లల తల్లిదండ్రులు బెంబేలెత్తనక్కర్లేదు. కుటుంబ చరిత్ర అడిగే గడిని తేలిగ్గా తీసుకోకూడదనడానికి మాత్రం ఇది చాలు.

ఫిట్స్ అనుకుని తాళాల గుత్తి వెతకొద్దు

ఎరిక్సన్‌ను బతికించింది ఆ మైదానంలోనే మొదలైన సీపీఆర్ (ఛాతీ నొక్కడం), వెంటనే చేతికందిన డీఫిబ్రిలేటర్. 2023 జనవరి 2న సిన్సినాటిలో ఛాతీకి దెబ్బ తగిలి కూలిపోయిన అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు డమార్ హామ్లిన్ సంగతీ ఇదే. అతని గుండెలో లోపమేమీ లేదు. గుండె చార్జ్ అవుతున్న వేళ, సెకనులో కొన్ని వందోవంతులుండే ఒక సందులో, సరిగ్గా గుండె మీద బలమైన దెబ్బ తగిలితే ఆరోగ్యవంతుడి లయ కూడా చెదిరిపోతుంది. దీన్ని కమోషియో కోర్డిస్ అంటారు. ఏ ఈసీజీ స్క్రీనింగూ దీన్ని ముందుగా చెప్పలేదు.

వణికే గుండెను మళ్లీ లయలోకి తెచ్చేది విద్యుత్ షాక్. ఆ షాక్ ఇచ్చే ఏఈడీ అనే చిన్న డీఫిబ్రిలేటర్ పెట్టెను ఎవరైనా వాడవచ్చు. తెరిచి ఆన్ చేస్తే ఏం చేయాలో అదే మాట్లాడి చెబుతుంది, షాక్ అవసరమా లేదా కూడా అదే తేల్చుకుంటుంది, అవసరం లేనివాళ్లకు షాక్ ఇవ్వదు. షాక్ ఆలస్యమయ్యే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. పెట్టె ప్రిన్సిపాల్ గది బీరువాలో ఉండి, తాళం గుమస్తా దగ్గర ఉంటే, ఆ స్కూలుకు పెట్టె ఉన్నా లేనట్టే. ఏఈడీలున్న 1,710 అమెరికా హైస్కూళ్లను పరిశీలించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, విద్యార్థులూ పెద్దవాళ్లూ కలిపి 36 మందికి కార్డియాక్ అరెస్ట్ రాగా 64 శాతం మంది బతికి ఆస్పత్రి నుంచి ఇంటికెళ్లారు. స్కూళ్ల బయట ఇంత శాతం బతకడం చాలా అరుదు.

గుండె ఆగినవాళ్లు కూలిపోయాక కొద్దిసేపు కాళ్లూ చేతులూ కొట్టుకోవచ్చు. నోరు తెరిచి గురక లాంటి శ్వాస తీయవచ్చు. కళ్లు తెరిచే ఉండవచ్చు. చూసేవాళ్లు ఫిట్స్ అనుకుంటారు. మన ఊళ్లలోనైతే వెంటనే తాళాల గుత్తి చేతిలో పెడతారు, ఉల్లిపాయ వాసన చూపిస్తారు, మొహాన నీళ్లు చల్లుతారు. ఇవన్నీ ప్రాణం నిలబెట్టే నిమిషాల్ని మింగేస్తాయి. ఆడుతూ ఆడుతూ కూలిపోయి, పిలిస్తే పలకకుండా, సరిగా ఊపిరి తీయకుండా ఉంటే అది కార్డియాక్ అరెస్టే అనుకుని పని మొదలుపెట్టాలి. ఒకరు అంబులెన్సుకు ఫోన్ చేయాలి, ఒకరు ఏఈడీ కోసం పరుగెత్తాలి, ఒకరు ఛాతీ మధ్యలో రెండు చేతులూ ఆనించి, కనీసం రెండంగుళాలు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ ఉండాలి. అరెస్ట్ కాని మనిషికి నొక్కినా పెద్ద నష్టం ఉండదు. అరెస్ట్ అయిన మనిషికి నొక్కకపోతే ప్రాణం పోతుంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో స్కూలు క్రీడాకారులకు ఈసీజీ తప్పనిసరి చేసే చట్టం లేదు. మండల స్థాయి కబడ్డీ, ఖోఖో పోటీలకు వచ్చే పిల్లలందరికీ రేపే ఈసీజీలు తీయాలని నేను అడగను. వాటిని చదివే నిపుణులు, తేడా వచ్చినవాళ్లకు ఎకో తీసే ఏర్పాటు లేకుండా పరీక్ష ఒక్కటే పెడితే, బాక్సులోని ఆ 300 ఇళ్లలో భయం తప్ప ఏమీ మిగలదు. పీఈటీ మాస్టార్లందరికీ సీపీఆర్ నేర్పడం, పోటీలు జరిగే ప్రతి స్టేడియంలో ఒక ఏఈడీ ఉంచడం మాత్రం ఈ ఏడాదే చేయగల పనులు. 2023లో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన సీపీఆర్ శిక్షణను ప్రతి స్కూలు మైదానం దాకా తీసుకెళ్తే చాలు.

ఫ్లోరిడాలో ఉన్నా, ఫిరంగిపురంలో ఉన్నా తల్లిదండ్రులను కోరేది ఇదే. పిల్లల్ని జట్టులో చేర్చే ముందు ఊళ్లో ఉన్న పెద్దవాళ్లకు ఫోన్ చేసి, చిన్న వయసులో పోయినవాళ్లెవరు, ఎలా పోయారు అని అడిగి రాసుకోండి. ఏఈడీ ఎక్కడుందో, దాని తాళం ఎవరి దగ్గరుందో కోచ్‌ను అడగండి. పరుగెడుతుండగా స్పృహ తప్పిన పిల్లలకు గ్లూకోజు తాగించి, ఎండదెబ్బ అనుకుని మర్నాడు మళ్లీ ఆటకు పంపకండి. ఆట మధ్యలో స్పృహ తప్పడం వేరే కారణం తేలేదాకా గుండె హెచ్చరికే. పాత ఈసీజీ నార్మల్‌గా ఉన్నా సరే, కార్డియాలజిస్టు చూసి సరేననేదాకా మైదానంలోకి పంపకండి.